పెరట్లో పాములకు గది కట్టాలంటే

ప్రశ్న: మాస్టారూ, మాది పర్లాకిమిడి. రోజూ బస్సులో పాతపట్నం వెళ్లి ఉద్యోగం చేసుకుని వస్తాను. నా దగ్గర రెండు బాల్ పైథాన్ పాములు, ఒక పచ్చ ఇగ్వానా బల్లి ఉన్నాయి. మూడింటికీ ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ చేయించాను. ఇప్పుడు మేడమీద గదిలో ఉంచాను. అమ్మ వాటి భయానికి ఎనిమిది నెలలుగా మేడ ఎక్కడం లేదు. ఈ వేసవిలో వడియాలు కూడా పెట్టలేదు. అందుకే పెరట్లో వాటికి విడిగా షెడ్డు వేద్దామనుకుంటున్నాను. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, చుట్టూ ఇటుక గోడ, పైన రంగు రేకులు. చేతిలో మూడు లక్షలున్నాయి. విదేశీ వీడియోలు చూసి హీటర్ల లిస్టు రాసుకున్నాను. ఇది సరిపోతుందా? ఇంకో మాట. మా మేనమామ కొడుకు రెండు నక్షత్ర తాబేళ్లు ఇస్తానంటున్నాడు. షెడ్డు ఎలాగూ వేస్తున్నాం కదా, తీసుకోమంటారా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: ముందు తాబేళ్ల సంగతి తేల్చేద్దాం. తీసుకోకండి. ఊరికే ఇచ్చినా, దేవుడి ప్రసాదం అని ఇచ్చినా తీసుకోకండి. నక్షత్ర తాబేలు మన దేశపు జంతువు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నక్షత్ర తాబేలు మొదటి షెడ్యూల్లో, అంటే చట్టం అన్నిటికన్నా గట్టిగా కాపాడే జంతువుల జాబితాలో ఉంది. ఇంట్లో దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అక్వేరియం తొట్టిలో తాబేలు ఉంటే లక్ష్మి వస్తుందని మన వాళ్లలో ఒక నమ్మకం ఉంది కదా, మీ బావగారికి ఎవరో అలాగే అంటగట్టి ఉంటారు. ఆయన్ని కూడా ఉంచుకోవద్దనండి. అలాగని పొలంలోనో చెరువు గట్టునో వదిలేయడమూ తప్పే. అటవీశాఖ వాళ్లకు అప్పగించాలి. ఉడుము, కొండచిలువ, నాగుపాము, ఏదైనా ఇదే లెక్క. పెరట్లోకి వచ్చిన పామును పట్టి డబ్బాలో పెట్టుకునే అలవాటు కొందరు కుర్రాళ్లకు ఉంది, మీకు లేదనే అనుకుంటున్నాను.

మీ మూడు జీవాల దారి వేరు. బాల్ పైథాన్ ఆఫ్రికాది, ఇగ్వానా మధ్య, దక్షిణ అమెరికాలది. రెండూ వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి మన చట్టంలో నాలుగో షెడ్యూల్ కిందికి వస్తాయి. 2024లో వచ్చిన నియమాల ప్రకారం వీటిని కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీరు చేయించారు, సంతోషం. అయితే అక్కడితో పని అయిపోలేదు. పిల్లలు పుట్టినా, ఒకటి చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. మీ పైథాన్లలో ఒకటి ఆడ, ఒకటి మగ అయితే రెండింటినీ ఒకే పెట్టెలో ఉంచకండి. అసలు ఆడామగా ఏదైనా బాల్ పైథాన్‌కు పెట్టె విడిగా ఉండాల్సిందే, దానికి జత అక్కర్లేదు. ఒకదాని మీద ఒకటి చుట్టుకుని పడుకుంటే మనకు ప్రేమలా కనిపిస్తుంది కానీ, నిజానికి ఉన్న ఒక్క వెచ్చని చోటు కోసం అవి పోటీ పడుతున్నాయి.

ఇక గది.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టినవి పాములు కావు, రేకులు. ముప్పై ఏళ్లు ఇళ్లూ గోడౌన్లూ కట్టించినవాణ్ణి, అయినా ఈ తప్పు స్వయంగా చేశాను. బరంపురంలో మా పెరట్లో ఇగ్వానాకు రేకుల షెడ్డు వేశాను. రెండు ఫ్యాన్లు పెట్టాను, కిటికీలకు గోనెసంచులు కట్టి తడిపేవాణ్ణి. అది మే నెల, ఒక మంగళవారం. మధ్యాహ్నం కరెంటు పోయింది. నేను బజార్లో ఉన్నాను. మూడున్నరకు వచ్చి తలుపు తీస్తే వేడి మొహాన కొట్టింది. గోడకున్న థర్మామీటరులో 46. ఇగ్వానా కొమ్మ మీంచి దిగి నీళ్ల తొట్టి పక్కన నోరు తెరుచుకుని పడి ఉంది. తొట్టిలో నీళ్లు కూడా వేడెక్కిపోయాయి. తడిగుడ్డలో చుట్టి ఇంట్లోకి తెచ్చాను కానీ రాత్రికి పోయింది. కరెంటు వాళ్లను తిట్టుకుని ఏం లాభం? ఫ్యాన్ ఆగిన రెండు గంటల్లో పొయ్యిలా మారే గదిని కట్టింది నేనే.

మీరు చూసే వీడియోలన్నీ చలిదేశాలవి. అక్కడ నెలల తరబడి బయట చలి, కాబట్టి వాళ్ల దిగులంతా వేడి పోకుండా ఎలా ఆపాలనే. మనకు అది తలకిందులు. ఇక్కడ గది కట్టేది జనవరి కోసం కాదు, మే నెల మధ్యాహ్నం కోసం, ఆ తర్వాత అక్టోబరు తుఫాను కోసం. ఈ రెండింటికీ తట్టుకునే గదిలో చలికాలం సులువుగా గడిచిపోతుంది. మీ హీటర్ల లిస్టులో ముప్పాతిక కొట్టేయండి.

పాములకు, బల్లిజాతికి ఒంట్లో సొంత వేడి ఉండదు. చెమటా పట్టదు. వెచ్చగా కావాలంటే వెచ్చని చోటికి పోతాయి, చల్లగా కావాలంటే చల్లని చోటికి పాకుతాయి. వాటికి తెలిసిన వైద్యం అదొక్కటే. అందుకే పెట్టెలో ఒక చివర వేడిగా, రెండో చివర చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కు వేడి మూల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని మూల 25 నుంచి 27 ఉంటే చాలు. గది మొత్తం 38కి చేరితే ఆ చల్లని మూలే మాయమవుతుంది. ఇక పాక్కుంటూ ఎక్కడికి పోతుంది?

పర్లాకిమిడి దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆ రోజుల్లో పెరట్లో కర్ర పాతి చూడండి, నీడ కర్ర మొదట్లోనే ముడుచుకుని ఉంటుంది. అంటే ఎండంతా పడేది గోడల మీద కాదు, కప్పు మీద. అందుకే డబ్బు ఎక్కడైనా తగ్గించండి, కప్పు దగ్గర మాత్రం తగ్గించకండి. మీ మూడు లక్షల్లో 240 చదరపు అడుగుల స్లాబు గది ఇప్పటి సిమెంటు ధరకు, మేస్త్రి కూలికి రాదు. అయితే మీకు అంత గది అవసరమూ లేదు. లోపల 14 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు చాలు. రేకుల కింద పెద్ద షెడ్డు కంటే స్లాబు కింద చిన్న గది మేలు. రేపు పెంచాలనిపిస్తే తూర్పు గోడ చివర ఇటుకలను పళ్లలా బయటికి వదిలి కట్టమనండి, తర్వాత దానికే కొత్త గోడ అతుకుతుంది.

పొడవు తూర్పు పడమరలుగా రావాలి. అప్పుడు సాయంత్రం ఎండ తగిలే పడమటి గోడ పది అడుగులే ఉంటుంది. ఆ గోడకు కిటికీ పెట్టొద్దు. దాని ముందు మూడడుగుల దూరంలో వెదురు పందిరి వేసి ఆనపపాదు పాకించండి. చెట్టు నాటకండి, తుఫానుకు కొమ్మ విరిగి కప్పు మీద పడుతుంది. పాదు పోయినా ఏడాదికి మళ్లీ వస్తుంది, పైగా ఇంటికి కూర.

స్లాబులో ఒక చిన్న కిటుకు ఉంది. ఆర్కిటెక్టు లారీ బేకర్ కేరళలో పేదల ఇళ్లకు వాడి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. స్లాబు కింది భాగంలో కాంక్రీటు చేసే పని తక్కువ. అక్కడ కొంత కాంక్రీటు తగ్గించి ఇనుప చువ్వల మధ్య పాత మంగళూరు పెంకులు జంటగా బోర్లించి పోస్తారు. సిమెంటు కలిసొస్తుంది, రెండు పెంకుల మధ్య గాలి పొర వేడిని ఆపుతుంది. మీ వైపు పాత పెంకుటిళ్లు కూల్చినప్పుడు పెంకులు చవగ్గా దొరుకుతాయి. చేసి చూసిన మేస్త్రి దొరక్కపోతే మామూలు స్లాబే వేయండి, ప్రయోగం మీ కప్పు మీద మొదలుపెట్టనీయకండి. ఏ స్లాబైనా పైన తెల్లగా ఉండాలి. పగిలిన తెల్ల టైల్స్ ముక్కలు పరిపిస్తే మంచిది. అది కుదరకపోతే ప్రతి ఏడూ శివరాత్రి వెళ్లగానే రెండు కోట్లు సున్నం వేయండి. నేను రెండూ చేసి చూశాను. సున్నం ఖర్చు ఒక పూట భోజనం పాటిది, లోపల తేడా మాత్రం చేత్తో స్లాబు తాకితే చాలు, తెలుస్తుంది.

గోడలకు బూడిద ఇటుక చాలు, ఒడిశాలో దానికి కరువు లేదు. తొమ్మిదంగుళాల గోడ పెట్టండి. లోపల నున్నగా ప్లాస్టరింగ్ చేయించండి. గోడ, గచ్చు కలిసే చోట మూల పదునుగా కాకుండా అరచెయ్యి పట్టేలా గుండ్రంగా తిప్పమనండి. మేస్త్రి 'ఎందుకండీ ఈ హాస్పిటల్ పని' అంటాడు. హాస్పిటల్లో ఎందుకు చేస్తారో ఇక్కడా అందుకే: మురికి మూలల్లో నిలవదు, గుడ్డతో ఒక్క తుడుపులో వస్తుంది. గచ్చు తూము వైపు కొద్దిగా వాలుగా ఉండాలి. తూముకు స్టీలు జల్లెడ బిగించాలి. తీసిపెట్టే రకం వద్దు, స్క్రూలు బిగించే రకం కావాలి.

ఎత్తు సంగతి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా మీద కురిసి వెళ్లింది. మహేంద్రతనయ నది పొంగడం మీరు చూసే ఉంటారు. అప్పుడు మీ వీధిలో నీళ్లు ఎంతదాకా వచ్చాయో పక్కింటి పెద్దవాళ్లను అడగండి. పాత గోడల మీద ఆ గీత ఇంకా కనపడుతుంది. గది గచ్చు ఆ గీత కన్నా అడుగున్నర పైన ఉండాలి. మీ ఇంటి గచ్చు కంటే ఎత్తవుతుందని మొహమాటపడకండి. మీ ఇంట్లో మనుషులు మేడ ఎక్కగలరు, పెట్టెలో ఉన్నది ఎక్కలేదు.

లోపల గదిని రెండు ముక్కలు చేయండి. ముందు నాలుగడుగుల ముంగిలి, దాని వెనక పదడుగుల అసలు గది. రెండు తలుపులూ ఒకేసారి తెరవకూడదు. ముంగిలిలోకి వచ్చి బయటి తలుపు వేసి, కింద ఒకసారి చూసుకుని, అప్పుడు లోపలి తలుపు తీయాలి. ఏదైనా పెట్టెలోంచి జారుకుంటే ముంగిలి దగ్గరే ఆగుతుంది. తలుపు కింద సందులో చిటికెనవేలు దూరకూడదు, పైథాన్ పిల్ల అయితే అంత సందులోంచి కూడా పోతుంది. ముంగిలిలోనే చిన్న సింకు, సబ్బు, చెప్పుల స్టాండు. ఈ గది చెప్పులు ఈ గదికే.

వెనక గదిలో ఇగ్వానా పంజరం తూర్పు గోడకు. 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తుకు తగ్గొద్దు. ఇగ్వానా పైకెక్కే జంతువు, పెద్దదైతే తోకతో కలిపి అయిదడుగులు దాటుతుంది. పైథాన్ల పెట్టెలు 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు, ఒకదాని మీద ఒకటి ఉత్తరపు గోడకు. మధ్యలో మీరు మోకాలి మీద కూర్చుని శుభ్రం చేసే జాగా మిగులుతుంది. ఇగ్వానాకు అల్ట్రావయొలెట్ దీపం తప్పనిసరి. అది లేకపోతే కాల్షియం ఒంటికి పట్టదు, ఎముకలు మెత్తబడతాయి. అద్దం గుండా ఆ కిరణాలు రావు కాబట్టి దీపానికీ దానికీ మధ్య అద్దం పెట్టకండి. దీపం వెలుగుతున్నా ఏడాదికల్లా ఆ కిరణాల బలం తగ్గిపోతుంది, మార్చాలి. పొద్దున్న ఏడింటికి అరగంట పెరట్లో జాలీ పంజరంలో ఎండ చూపిస్తే అంతకన్నా మంచిది లేదు. సగం నీడ ఉండాలి. అద్దాల తొట్టిలో పెట్టి ఎండలో ఉంచారా, ఉడికిపోతుంది. తిండికి మునగాకు, మందార ఆకులు, పూలు, గుమ్మడికాయ తురుము పెట్టండి. పాలకూర రోజూ పెట్టకండి.

గాలి ఎటునుంచి వస్తుందో చూసి ఆ వైపు గోడకు నేల నుంచి అడుగు ఎత్తులో గాలి లోపలికి వచ్చే రెండు గూళ్లు, ఎదుటి గోడకు స్లాబు కింద రెండు వెంటిలేటర్లు పెట్టండి. చల్లగాలి కిందినుంచి వస్తుంది, వేడిగాలి పైనుంచి పోతుంది. పైన ఒకదానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్. వేసవిలో పగలు మూసి, రాత్రి తెరవండి. అంత బరువైన గోడలు రాత్రి చల్లబడితే మధ్యాహ్నం రెండు దాకా ఆ చలవ దాచుకుంటాయి. ఎయిర్ కూలర్ కొనకండి. మన గాలిలో అసలే తేమ, కూలర్ ఇంకా తేమ కలుపుతుంది. వర్షాకాలంలో గాలి ఆడని గదిలో పైథాన్ పొట్ట కింద పొలుసులు కుళ్లుతాయి, ముక్కు బుడగలు కడుతుంది. డబ్బు మిగిలితే చిన్న ఏసీ 28 మీద పెట్టుకోండి. అయితే అది లేకపోయినా ప్రాణాలు నిలిచేలా గది ఉండాలి, ఉంటేనే బాగుండేలా కాదు.

గూళ్లకు, వెంటిలేటర్లకు రెండు జాలీలు. లోపల పావంగుళం కన్నున్న స్టీలు జాలీ, బయట దోమల జాలీ. పునాది చుట్టూ కూడా మట్టిలో ఒక అడుగు లోతుకు ఇనుప జాలీ దించండి. లోపలివి బయటికి పోకుండా చూడటం మీ భయం, బయటివి లోపలికి రాకుండా చూడటం నా భయం. పైథాన్లకు ఎలుకలు తిండి. ఎలుకల వాసన తగిలితే మన నాగుపాములు ఊరుకుంటాయా? వానాకాలం రాత్రి కట్లపాము గడప కింద సందు వెతుక్కుంటుంది. పాముల గదిలో పాము కనపడితే ఎవరికైనా తమదే అనిపిస్తుంది, చెయ్యి పెట్టేస్తారు. అందుకే ఏ రాత్రీ టార్చి లేకుండా లోపలికి వెళ్లకండి. గది చుట్టూ మూడడుగులు గడ్డి లేకుండా, కట్టెలు పేర్చకుండా శుభ్రంగా ఉంచండి. ఎలుకల్ని అక్కడ పెంచకండి, చంపి ఫ్రీజ్ చేసినవే వాడండి. ఫ్రీజర్ విడిగా కొనండి. మీ ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఎలుకల కవరు అమ్మగారి కంట పడితే, నేను రాసిన ఈ ఉత్తరమంతా వృథా.

కరెంటు పని చేసేవాడికి ముందే చెప్పండి, ఈ గదికి విడిగా లైను, మంచి ఎర్త్, 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకరు ఉండాలి. నీళ్లు, తడి చేతులు, లోహపు పంజరం ఒకే చోట ఉంటాయి మరి. వైర్లన్నీ పైపుల్లో పోవాలి. చలికాలంలో మహేంద్రగిరి వైపునుంచి తెల్లవారుజామున చలి దిగినప్పుడు పెట్టెకో సిరామిక్ హీటరు చాలు, ప్రతి హీటరుకూ థర్మోస్టాట్ ఉండాలి, చుట్టూ జాలీ తొడుగు ఉండాలి. పాము వేడి వస్తువును కౌగిలించుకుంటుంది, కాలుతున్నా వదలదు. 'హీట్ రాక్' అని రాయిలా కనపడే హీటర్లు అమ్ముతారు, వాటి మీద పొట్ట కాలిన పాముల్ని నేను రెండిటిని చూశాను.

ఇన్వర్టర్ లెక్క చిన్నది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ గంటలు. చేతికొచ్చేది 1100, 1200. ముప్పై వాట్ల ఫ్యాన్లు రెండు అయితే 18 గంటలకు పైగా తిరుగుతాయి. అదే వంద వాట్ల హీటర్లు మూడు పెడితే నాలుగు గంటల్లో ఖాళీ. ఇన్వర్టర్ మీద ఫ్యాన్లు, ఒక చిన్న లైటు మాత్రమే ఉంచండి. చలిరాత్రి కరెంటు పోతే వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పెట్టెలో పెడితే తెల్లారిపోతుంది.

తుఫానుకు మాత్రం ఇన్వర్టర్ చాలదు. 2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం తాకినప్పుడు మా వీధికి కరెంటు పదకొండో రోజున వచ్చింది. అందుకే తుఫాను హెచ్చరిక వినగానే మొదటి పని: పైథాన్లకు మేత ఆపేయండి. మింగిన ఎలుక అరగాలంటే వేడి కావాలి. కరెంటు పోయి పెట్టె చల్లబడితే కక్కేస్తాయి, ఆ తర్వాత వారాల తరబడి నీరసపడతాయి. పెద్ద బాల్ పైథాన్ మూడు నాలుగు వారాలు తినకపోయినా ఏమీ కాదు, ఆకలి గురించి టెన్షన్ పడకండి. మూత బిగించే ప్లాస్టిక్ పెట్టెలు మూడు, గాలి రంధ్రాలు పెట్టి, లోపల దిండు గలీబులు వేసి సిద్ధంగా ఉంచుకోండి. గలీబులో వేసి మూతి ముడి వేస్తే పాముకు అదే పుట్ట, హాయిగా ముడుచుకుంటుంది. గది పొరపాటున మునిగే సూచన ఉంటే పెట్టెలు మేడమీదికి పోవాలి. ఆ ఒక్క రోజుకు అమ్మగారిని బతిమాలుకోవాల్సిందే.

కొత్తగా ఏదైనా కొంటే అది నేరుగా ఈ గదిలోకి రాకూడదు. మూడు నెలలు వేరే గదిలో, వేరే చేతిగుడ్డతో ఉంచాలి, పురుగులు, రోగాలు బయటపడేది అప్పుడే. మీకు ఇంకో గది లేదు, మేడ మీది గది అమ్మగారికి తిరిగి ఇచ్చేస్తున్నారు. కాబట్టి కొనకండి. బాల్ పైథాన్ సరిగ్గా చూస్తే పాతికేళ్లు బతుకుతుంది. మీ దగ్గరున్న రెండూ మీ పిల్లల పెళ్లిళ్లు చూస్తాయి.

గది ఎక్కడ కట్టాలి? వంటింటి వెనక తలుపుకూ తులసికోటకూ మధ్య మాత్రం వద్దు. అమ్మగారు రోజూ నడిచే దారి అది. ఆవిడ నడక ఎక్కడెక్కడ ఉంటుందో ఒక రోజు గమనించి, ఆ దారికి అడ్డురాని మూల ఎంచుకోండి. బయటి తలుపు తాళానికి రెండు చెవులు ఉంచండి. ఒకటి మీది, ఇంకొకటి ఆవిడ దగ్గర. 'నాకెందుకురా' అంటారు, అయినా ఇవ్వండి. తాళం తన కొంగులో ఉందంటే లోపల ఉన్నవి బయటికి రావని ఆవిడకు నమ్మకం కుదురుతుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఇగ్వానాను తాకితే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, దాని ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, విరేచనాలు పట్టుకుంటాయి.

వీధి వాళ్లకు ముందే చెప్పండి. బాల్ పైథాన్ ఒంటి మీద గోధుమ మచ్చలు చూసి మన వాళ్లు రక్తపింజరి అంటారు, ఒడియా వాళ్లు అజగర (కొండచిలువ) అంటారు, ఏదైనా కర్రే తీస్తారు. తలుపు మీద తెలుగులోనూ ఒడియాలోనూ 'విషం లేని పాములు' అని రాసి, మీ ఫోన్ నంబరు పెట్టండి. దాని పక్కనే రిజిస్ట్రేషన్ కాగితం జిరాక్సు. నాగుల చవితినాడు పాల గిన్నెతో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు వస్తారు, నా దగ్గరికి వచ్చేవారు. పాములు పాలు తాగవని వాదించడం మానేసి, గడప బయట ఉన్న మందార మొక్క మొదట్లో పోయించేవాణ్ణి. ఆ మొక్క ఇగ్వానాదే, పాపం ఎవరికీ రాలేదు.

గది చిన్నదే అయినా పురపాలక సంఘం హద్దులో ఉంటే ప్లాను అనుమతి అడగండి. పక్కింటి గోడకు ఎంత దూరం వదలాలో వాళ్లే చెబుతారు.

చివరిగా ఒక పని. మేస్త్రికి అడ్వాన్సు ఇవ్వకముందే, మీరు అనుకుంటున్న చోట నాలుగు గుంజలు పాతి పైన పాత చాప కప్పండి. దాని కింద అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే చిన్న డిజిటల్ థర్మామీటరు వేలాడదీయండి. పక్కనే గుంజకు ఒక గుడ్డపీలిక కట్టండి. పది రోజులు మధ్యాహ్నం రెండింటికి, తెల్లవారుజామున నాలుగింటికి ఎంత ఉందో, పీలిక ఎటు ఎగురుతోందో నోటుపుస్తకంలో రాయండి. మధ్యాహ్నం మీరు పాతపట్నంలో ఉంటారు కాబట్టి ఆ రెండింటి అంకె అమ్మగారితో రాయించండి. ఆ కాగితం ఫొటో, పెరటి కొలతలు నాకు పంపితే గూళ్లు ఏ గోడకు పెట్టాలో గీసి పంపుతాను.